ద్రాక్షారిష్టం: తీపి ఎంత? మోతాదు ఎంత?

గత దసరా సెలవులలో హసన్‌పర్తిలోని మా వైద్యశాలకు ఒక గృహిణి రెండు సీసాలు పట్టుకొని వచ్చారు. ఒకటి ద్రాక్షారిష్టం. రెండవది విదేశంలో ఉద్యోగం చేస్తున్న వారి అల్లుడు తెచ్చిన పోర్ట్ అనే తీపి వైన్. "రెండూ ద్రాక్షతో చేసినవే, రెండూ తియ్యగానే ఉన్నాయి. దీనిని మందంటున్నారు, దానిని మద్యమంటున్నారు. తేడా ఏమిటి డాక్టరుగారూ?" అని అడిగారు. నవ్వి పంపివేయదగిన ప్రశ్న కాదు అది. ద్రాక్షారిష్టం సీసా లేని మధ్యతరగతి ఇల్లు అరుదు. అందులో ఏమున్నదో తెలిసి సేవించేవారు అంతకంటె అరుదు.

ముందుగా పులియడం గురించి. తాటినీరు తెలియని వారు మన ప్రాంతంలో లేరు. లోపల సున్నం పూసిన ముంతలో పట్టి తెల్లవారుజామున దించినది తియ్యగా ఉంటుంది. సున్నం లేకుండా పట్టినదైతే ఎండెక్కేకొద్దీ నురుగు కట్టి, తీపి తగ్గి కల్లవుతుంది. సాయంత్రానికి పులుపు తిరుగుతుంది. గాలిలోను, ముంతలోను ఉండే సూక్ష్మజీవులు తీపిని తిని మద్యాంశాన్ని విడుస్తాయి. మరికొన్ని ఆ మద్యాంశాన్ని పులుపుగా మారుస్తాయి. కల్లు, వైన్, అరిష్టం అన్నింటికీ మూలసూత్రం ఇదే.

అయితే పులిసిన తర్వాత కూడా తీపి ఎందుకు మిగులుతుంది? తీపి మితిమీరి ఉన్నా, మద్యాంశం పెరిగినా ఆ సూక్ష్మజీవులు నీరసించి పని మానివేస్తాయి. తినగా మిగిలిన తీపి అలాగే నిలిచిపోతుంది. పోర్చుగల్‌వారు పోర్ట్ చేసేటప్పుడు సగం పులిసిన ద్రాక్షరసంలో ద్రాక్షనుండి దింపిన ఘాటైన సారాను కలిపి పులియడాన్ని ఆపివేస్తారు. అందువల్ల దానిలో మద్యాంశం ఇంచుమించు 20 శాతం ఉంటుంది. హంగరీలోని తొకాయ్ వైన్‌కు ఒక జాతి బూజు పట్టి తీగమీదనే వాడిన ద్రాక్షలు వాడతారు. ఇటలీవారి విన్ సాంటోకు కోసిన గుత్తులను ఆరబెట్టి పిండుతారు. ఎండుద్రాక్షతో తయారయ్యే మన అరిష్టానికి దగ్గరి చుట్టం ఈ చివరిది. ఆ దేశాలలో కూడా ఇటువంటి తీపి వైన్‌ను పెద్ద గ్లాసులతో తాగరు. భోజనం ముగిశాక చిన్న గ్లాసులో కొద్దిగా పోసుకొని మెల్లగా రుచి చూస్తారు. ఆ మితం గమనించదగినది.

మన పూర్వులకు ఈ విద్య కొత్త కాదు. చరక సంహిత సూత్రస్థానంలో ధాన్యం, పండ్లు, వేళ్లు, పువ్వులు మొదలైన తొమ్మిది మూలాలనుండి 84 ఆసవాలు చెప్పబడినవి. పండ్లతో చేసేవి 26. ఆ జాబితా ద్రాక్షతోనే మొదలవుతుంది. పచ్చి ద్రవ్యాలను కాచకుండా పులియబెడితే ఆసవమనీ, కషాయం కాచి పులియబెడితే అరిష్టమనీ శార్ఙ్గధరుని విభజన.

ద్రాక్షారిష్టానికి శార్ఙ్గధరుడు చెప్పిన పాళ్లు చూడండి. ఎండుద్రాక్ష 50 పలాలు. దానిని రెండు ద్రోణాల నీటిలో కాచి నాలుగవ వంతుకు దించాలి. చల్లారిన ఆ కషాయంలో కలపవలసిన బెల్లం 200 పలాలు! అనగా ద్రాక్షకు నాలుగింతలు. పేరు ద్రాక్షది, బరువు బెల్లానిది. ఆపైన దాల్చినచెక్క, ఏలకులు, ఆకుపత్రి, నాగకేసరాలు, ప్రియంగువు, మిరియాలు, పిప్పళ్లు, వాయువిడంగాల చూర్ణం చేరుతుంది. పులియడానికి ఆరెపువ్వు (ధాతకి) వేయడం వైద్యుల వాడుక. ఆ పువ్వులలోని మకరందాన్ని ఆశ్రయించి పులియబెట్టే సూక్ష్మజీవులు ఉంటాయి. వరంగల్లు ఆయుర్వేద కళాశాలలో చదివే రోజులలో జాడీకి చెవి ఆనించి లోపలి బుసబుస వినడం, మూతి వద్ద వెలిగించిన అగ్గిపుల్ల పట్టడం మాకు పెద్ద వేడుక. పుల్ల ఆరిపోతే ఇంకా పులుస్తున్నదన్నమాట. వెలుగుతూనే ఉంటే పని ముగిసినట్లు.

ఈ బెల్లం లెక్క పుస్తకంలో చదివిన నేనే ఒకసారి దానిని మరచాను. కొన్నేళ్ల క్రితం మా వీధిలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఆకలి లేదని, నీరసమని వచ్చారు. "భోజనం తర్వాత రెండు చెంచాలు తీసుకోండి మాస్టారూ" అని నోటిమాటగా చెప్పి పంపాను. చక్కెర వ్యాధి ఉన్నదా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇంట్లో చెంచా అంటే వారికి పాయసం వడ్డించే గరిటె. రుచి నచ్చింది. ఆయుర్వేదమే కదా, హాని ఏముంటుందని పడుకునే ముందు మరొకసారి. 450 మి.లీ. సీసా అయిదు రోజులలో అయిపోయేది. నెల తిరిగేసరికి కాళ్లు తిమ్మిర్లు, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం. పరీక్ష చేయిస్తే పరగడుపున రక్తంలో చక్కెర 260. ఖాళీ సీసాల వరుస చూపించినది వారి కోడలు. తప్పు అడగనివాడిదే. ఆనాటినుండి నేను చెంచాలలో చెప్పడం మానివేశాను. మి.లీ.లలో కాగితంమీద వ్రాసి, కొలత మూత చూపించి పంపుతున్నాను.

పెద్దలకు సాధారణ మోతాదు 12 నుండి 24 మి.లీ., సమానంగా నీరు కలిపి, భోజనానంతరం, రోజుకు రెండుసార్లు. పరగడుపున వద్దు. దగ్గు, గొంతు బాధ, ఆయాసం, దీర్ఘవ్యాధి తర్వాతి నీరసం మొదలైన వాటికి శాస్త్రం దీనిని చెప్పినది. క్షయను కూడా చెప్పినది. కాని అది నేటి క్షయ మాత్రలకు బదులు కాదు. దగ్గు రెండు వారాలు దాటితే ముందు తెమడ పరీక్ష చేయించండి.

మధుమేహం ఉన్నవారు, కాలేయ వ్యాధిగ్రస్తులు, గర్భిణులు దీనిని తీసుకోరాదు. దీనిలో సాధారణంగా 5 నుండి 10 శాతం వరకు మద్యాంశం ఉంటుంది. కనుక మద్యం మానుకుంటున్నవారికి, అందుకై డైసల్ఫిరామ్ వాడేవారికి ఇది ప్రమాదం. విరేచనాలకు మెట్రొనిడజోల్ మాత్రలు వేసుకుంటున్నప్పుడు కూడా వద్దు, వాంతులు, గుండెదడ రావచ్చు. నిద్రమాత్రలతో కలపరాదు. పసిపిల్లలకు "బలానికి" పోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉన్నది. వైద్యుడు చెప్పనిదే అది తగదు.

కొనేటప్పుడు సీసామీద ఏ గ్రంథాన్ని అనుసరించినదీ, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారైన తేదీ, స్వయంగా పుట్టిన మద్యాంశం ఎంతో చదవండి. ఆసవారిష్టాలు పాతబడేకొద్దీ గుణవంతాలని శార్ఙ్గధరుని మాట, కాబట్టి నిరుటి తేదీ చూసి వెనుకాడనక్కరలేదు. అయితే ముద్రించిన గడువు దాటినది తీసుకోకండి. అడుగున పలుచని మడ్డి ఉంటే దోషం కాదు. మూత తీయగానే బుస్సుమని నురుగు పొంగితే పులియడం ముగియకుండానే సీసాకెక్కినదని అర్థం. ముక్కుకు పుల్లని ఘాటు కొట్టితే అది శుక్తమైపోయినది, పారవేయండి. మంచి ద్రాక్షారిష్టం నాలుకమీద మొదట తీపి, వెనుక కొంచెం వగరు, గొంతు దిగేటప్పుడు పిప్పలి వెచ్చదనం ఇస్తుంది.

ఇంట్లో చేసుకోవచ్చునా అని చాలామంది అడుగుతారు. వద్దు. మన ఎండలకు జాడీలు పొంగి పగలడం నేను చూశాను. పైగా లైసెన్సు లేకుండా పులియబెట్టడాన్ని చట్టం ఒప్పదు.

ఆ గృహిణికి ఇదంతా చెప్పి, పోర్ట్ సీసా మందుల అలమారలో పెట్టవద్దని, మందు సీసా భోజనాల బల్లమీద పెట్టవద్దని అన్నాను. ద్రాక్షారిష్టానికి మూత బిగించి, ఎండ తగలని చోట, పిల్లల చేతికందని ఎత్తులో, దాని కొలత మూతతోపాటు ఉంచుకోవాలి.