పనిముట్టునకు పరిచయవాక్యము

బంజారాహిల్స్ కొండరాళ్ల నడుమ అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. మదరాసున పెరిగిన తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చి, జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములను తన మెట్టినిల్లుగా చేసికొన్నది. ఆ పరిశ్రమ చరిత్రములోని ప్రశ్న యొకదానిని ఆధారముగా గొని, యంత్రములకు మాట చెప్పు విధమును గూర్చి కొంచెము ముచ్చటింప దలచితిమి.

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ఏనాడు విడుదలయ్యెను? దానిని తీసినవారు హెచ్.ఎం. రెడ్డిగారు. 1931 సెప్టెంబరు 15 అని చిరకాలము చెప్పుకొనిరి, వ్రాసికొనిరి. తరువాత పరిశోధకులు రెంటాల జయదేవగారు పాత ఆధారములను శోధించి, సెన్సారు అనుమతి 1932 జనవరి 22న లభించెననియు, ఫిబ్రవరి 6న బొంబాయిలో చిత్రము విడుదలయ్యెననియు వెల్లడించిరి.

ఈ ప్రశ్ననే ఇపుడొక ఏ.ఐ. ఏజెంటు నడిగితిమనుకొందము. ఏజెంటనగా తనకు తోచినది చెప్పి యూరకొనక, ఇంటర్నెట్టున వెదకి, పుటలు చదివి, సరిచూచి జవాబు తెచ్చు కృత్రిమమేధ. అది తానుగా ఎచ్చటికిని పోజాలదు. మనుష్యులు అమర్చిన పనిముట్లను పిలిచి పని చేయించుకొనును. ఒకటి వెదకును, ఒకటి పుటను తెచ్చును, వేరొకటి పాతపత్రికల భాండారమును తెరచును. విచిత్రమేమనగా, ఆ పనిముట్టు లోపల ఏమున్నదో ఏజెంటునకు కానరాదు. దానికి తెలియునది పనిముట్టు పేరు, దానిని గూర్చి వ్రాసిన నాలుగు వాక్యములు, అందీయవలసిన వివరముల పట్టిక. ఇంతియే. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' అను పద్ధతియందును పనిముట్లకు పరిచయము జరుగునది ఈ రీతినే.

వంటింటి అలమరలో డబ్బాపై 'పిండి' యని మాత్రమే వ్రాసియుంచి, క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలిని జంతికలు చేయుమన్న నేమగును? అది బియ్యపుపిండియో, సున్నిపిండియో ఆమెకెట్లు తెలియును? (ఆడుబిడ్డలకు మాత్రము నెలదినములు నవ్వుకొనుటకు పని దొరకును.) మూత తీసి వాసన చూచు వీలైనను ఆమెకు కలదు, ఏజెంటునకు అదియు లేదు. 'సమాచారము వెదకును' అని ఒక పనిముట్టునకును, 'వివరములు వెదకును' అని మరొకదానికిని పరిచయము వ్రాసినచో, అది ఏదో ఒకటి చేతబట్టును. పలుచోట్ల వ్రాసియున్న 1931నే తెచ్చి, సందేహమెరుగని మొగముతో మన ముందుంచును.

పాతపత్రికల పనిముట్టునకు మేమైన ఇట్లు వ్రాయుదుము: "ఇది అచ్చుపత్రికల పాత సంచికలలో మాత్రమే వెదకును. చిత్రముల విడుదల తేదీలయందు సందేహము కలిగినపుడు దీనిని వాడుము. నేటి వార్తలకు వాడవలదు. చిత్రము పేరు తెలుగు లిపిలో నిమ్ము. ఒకే పేరుతో పలు చిత్రము లుండవచ్చును గనుక సంవత్సరముల అవధియు నిమ్ము. తెలిసినదనుకొన్న సంవత్సరమునకు ముందొకటి, వెనుకొకటి చేర్చుము. తేదీని 1932-02-06 అను రీతిని వ్రాయుము. ఏమియు దొరకనిచో 'లేదు' అని వచ్చును. దాని యర్థము ఈ సంచికలలో లేదనియే గాని, ఆ సంగతి జరుగలేదని కాదు."

ఇందొక్క మాటయు వ్యర్థము కాదు. 'భక్త ప్రహ్లాద' పేరుతోనే 1942లోను, 1967లోను మరల చిత్రములు వచ్చినవి. 6-2 అని వ్రాసిన మనకు ఫిబ్రవరి ఆరు, అమెరికావారికి జూను రెండు. అవధిని 1931కే బిగించినచో, 1932లో దాగియున్న నిజము ఎన్నటికిని చేతికి రాదు. ఇక 'లేదు' అను మాటకు అర్థము చెప్పనిచో, ఏజెంటు తనకు తోచిన అర్థము తీసికొనును.

ఆంత్రోపిక్ వారే 2025లో వెల్లడించిన సంగతి యొకటి కలదు. వారి క్లాడ్, ఇంటర్నెట్టున వెదకునపుడు, అక్కరలేకున్నను వెదకు మాటలకు '2025' అని చేర్చుచుండెనట. దానిచే ఫలితములు చెడుచుండగా, పనిముట్టు పరిచయమును సవరించి దానిని దారికి తెచ్చిరట. 1932 నాటి చిత్రమునకు 2025 అని తగిలించి వెదకిన ఏమి దొరకునో పాఠకురాండ్రే ఊహింపగలరు.

కిష్కింధాకాండమున సుగ్రీవుడు వానరులను నాలుగుదిక్కులకు పంపునపుడు 'వెదకుడు' అను ఒక్కమాటతో సరిపెట్టలేదు. ఏ దిక్కున ఏ పర్వతములు, ఏ నదులు తగులునో, ఎంతవరకు పోవలయునో, ఎచ్చటినుండి మరలవలయునో, నెలదినముల గడువుతో సహా చెప్పెను. అంతటి హనుమంతుడును లంకలో మండోదరిని చూచి ఒక్క క్షణము సీతయే యని భ్రమించెను గదా! రాముని ఎడబాసిన సీత ఎట్లుండదో తలచుకొనినపుడు ఆ భ్రమ తొలగినది. పరిచయమునందు 'ఇందులకు వాడవలదు' అను భాగము మాకు మిక్కిలి ముఖ్యముగా తోచుటకు ఇదియే కారణము. పనిముట్లు వ్రాయువారు తరచుగా విడిచిపెట్టునదియు అదియే.

వ్రాసినదానిని వ్రాసినవారే చదువుకొని బాగున్నదనుకొనిన చాలదు. బడిపంతులుగారి ఇంట నుండుటచే మాకు పరీక్షలయందు నమ్మకము హెచ్చు. కొన్ని ప్రశ్నలిచ్చి, ఏజెంటు ఏ పనిముట్టును ఎత్తుకొన్నదో, దాని కేమేమి వివరము లిచ్చినదో వరుసగా చూడవలయును. మేమైన మొదట '1936లో వచ్చిన ద్రౌపది చిత్రము ఏది?' అని అడుగుదుము. ఆ యేట 'ద్రౌపదీ వస్త్రాపహరణము', 'ద్రౌపదీ మానసంరక్షణము' అను రెండును పోటీపడి వెలువడినవి. ఏజెంటు ఒకదానినే తెచ్చినచో, 'ఫలితములు ఒకటికి మించినచో అన్నిటిని చూపుము' అను వాక్యమును పరిచయమునకు చేర్చి, మరల అడుగవలయును.