దొరబావి వంతెనను రైలు ఎందుకు విడిచిపెట్టింది?

మా అనకాపల్లి స్టేషనులో రెండు పట్టాల నడుమ దూరం 1,676 మిల్లీమీటర్లు. ఇది బ్రాడ్ గేజి. నల్లమల అడవిలో గాజులపల్లె, దిగువమెట్టల మధ్య 1880 దశకంలో వేసిన దారి మీటర్ గేజి, అంటే 1,000 మిల్లీమీటర్లే. ఆ దారిలో ఒక లోయపై కట్టినదే దొరబావి వంతెన. ఇప్పుడు దానిమీద రైళ్ళు లేవు.

కొండదారికి ఇరుకు పట్టాలు ఎందుకు? ఒక లెక్క చేయండి. రైలు అర్ధవృత్తంగా తిరిగితే, బయటి పట్టా లోపలి పట్టాకన్నా గేజికి సుమారు 22/7 రెట్లు ఎక్కువ పొడవుంటుంది. మీటర్ గేజిలో 3.14 మీటర్లు, బ్రాడ్ గేజిలో 5.27 మీటర్లు. వ్యాసార్ధం ఎంతైనా ఇంతే! (నమ్మకపోతే వృత్తాలు గీసి చూడండి.) రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కనుక విడివిడిగా తిరగలేవు. చక్రం పట్టాకు ఆనే భాగం కొంచెం వాలుగా ఉండడంవల్ల కొంత తేడా సర్దుకుంటుంది. మలుపు మరీ బిగువైతే మాత్రం చక్రం ఈడ్చుకుపోయి, పట్టా అరుగుతుంది.

1990 దశకంలో ఈ దారిని బ్రాడ్ గేజికి మార్చారు. బరువైన రైళ్ళకు పాత మలుపులు పనికిరావు. కొండను తొలిచి సొరంగంగుండా కొత్త దారి వేశారు.

అక్కడికి నడిచి వెళ్ళాలని మీకు ఉబలాటం కలగవచ్చు. నాకూ ఉంది! కాని అది పెద్దపులులు తిరిగే అడవి. అటవీశాఖ అనుమతి, పెద్దల తోడు తప్పనిసరి. వెళ్ళినా దూరంనుంచే చూడండి. రంగు వేసేవారు లేని ఇనుప వంతెనలో రివెట్ల సందుల్లో నీరు నిలుస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి రేకులను విడదీస్తుంది. పైకి గట్టిగా కనిపించే దూలం లోపల ఎంత మిగిలిందో కంటికి తెలియదు.