డేజెడ్: తుపాకీ కన్నా ముందు నీళ్లు, నిప్పు, నిగ్రహం

వీడియో గేమ్‌లలో మరణం సాధారణంగా ఒక చిన్న విరామం మాత్రమే. కొన్ని క్షణాల్లో పాత్ర తిరిగి లేస్తుంది. ఆయుధాలు మళ్లీ చేతికి వస్తాయి. 'డేజెడ్' ఆటలో మాత్రం అలా జరగదు. గంటల తరబడి శ్రమించి కూడబెట్టిన దుస్తులు, ఆహారం, ఔషధాలు, తుపాకులు అన్నీ మరణించిన చోటే ఉండిపోతాయి. ఆటగాడు దాదాపు వట్టి చేతులతో సముద్రతీరం నుంచి మళ్లీ మొదలుపెట్టవలసిందే. ఇక్కడ కొత్తవారి ప్రాణం తీసేది తరచుగా శత్రువు తూటా కాదు. దాహం, చలి, కలుషిత నీరు, తొందరపాటు.

ఒకే మూలం, రెండు దారులు

న్యూజిలాండ్ సైన్యంలో పనిచేసిన డీన్ హాల్ 2012లో 'ఆర్మా 2' అనే సైనిక ఆటకు అనుబంధంగా దీనిని రూపొందించారు. బ్రూనై అడవుల్లో పొందిన మనుగడ శిక్షణలో ఎదురైన కష్టాలే ఈ ఆలోచనకు బీజమని ఆయన చెప్పారు. చెక్ రిపబ్లిక్‌కు చెందిన బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థ 2013 డిసెంబరులో దీనిని స్వతంత్ర ఆటగా ప్రారంభ దశలోనూ, 2018 డిసెంబరులో పూర్తి రూపంలోనూ విడుదల చేసింది.

మన దేశంలోని ఆటగాళ్లకు దీనితో పరోక్ష బంధుత్వం ఉంది. డేజెడ్ స్ఫూర్తితోనే బ్రెండన్ గ్రీన్ 'బ్యాటిల్ రాయల్' తరహా పోటీని రూపొందించారు. అదే 2017లో పబ్‌జీగా ప్రపంచానికి పరిచయమైంది. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌పై కేంద్రం నిషేధం విధించాక, 2021లో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది. అయితే అరగంటలో ముగిసే ఆ పోటీలో అలవడిన దూకుడు ఇక్కడ పనికిరాదు. అక్కడ గెలుపంటే చివరివాడిగా మిగలడం. ఇక్కడ గెలుపంటూ లేదు. రేపటి వరకు బతికి ఉండడమే లక్ష్యం.

తొలి అరగంట

ఆట జరిగే ప్రధాన ప్రాంతం చెర్నారస్ అనే కల్పిత దేశం. దాని విస్తీర్ణం సుమారు 225 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన, తూర్పున సముద్రం ఉంటుంది. మెరుగైన సైనిక సామగ్రి లోతట్టున, ముఖ్యంగా వాయవ్య దిశలో దొరుకుతుంది. కొత్తవారు వెంటనే అటు పరుగు తీస్తారు. అదే మొదటి పొరపాటు. ఎంత వేగంగా పరుగెత్తితే శక్తి అంత వేగంగా ఖర్చవుతుంది.

మొదట వెతకవలసింది నీరు. ఊళ్లలోని చేతిపంపుల నీరు సురక్షితం. నదులు, చెరువుల నీటిని మరిగించకుండానో, క్లోరిన్ మాత్ర వేయకుండానో తాగితే కలరా సోకవచ్చు. రెండవది కత్తి. ఏ ఇంట్లోనూ దొరకకపోతే చిన్న రాళ్లతో రాతి కత్తి తయారు చేసుకోవచ్చు. కత్తి ఉంటే చెట్టు బెరడు తీయవచ్చు, కోడిని కోయవచ్చు, చొక్కాను చింపి గుడ్డ పేలికలు చేయవచ్చు. మూడవది ఆహారం. యాపిల్, పియర్ చెట్ల కింద పండ్లు దొరుకుతాయి. కడుపు నిండాక కూడా తింటూ పోతే వాంతి అవుతుంది. తిన్నదంతా వృథా అవుతుంది. తెర అడుగున ఉండే ఆకలి, దప్పిక గుర్తులను మాత్రమే కాక, వాటి పక్కన కనిపించే బాణాలను కూడా గమనించాలి. ఇప్పుడు ఎంత ఉందో గుర్తు చెబుతుంది; ఎటు పోతోందో బాణం చెబుతుంది.

దారి తెలుసుకోవడం కూడా మనుగడలో భాగమే. ఆటగాడు ఎక్కడున్నాడో తెరపై చూపే గుర్తు ఉండదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న ప్రాథమిక జ్ఞానమే దిక్సూచి. ఊరి పేర్ల పలకలు సిరిలిక్ లిపిలో ఉంటాయి. రోమన్ 'పి'లా కనిపించే అక్షరాన్ని 'ర'గా, 'హెచ్'లా కనిపించేదాన్ని 'న'గా, 'సి'లా కనిపించేదాన్ని 'స'గా చదవాలని తెలిస్తే చాలా పలకలు అర్థమవుతాయి.

చలి, తడి

వర్షంలో తిరిగినా, ఈత కొట్టినా దుస్తులు తడుస్తాయి. తడిసిన దుస్తులు వెచ్చదనాన్ని ఇవ్వవు. చలిలో ఉన్న శరీరం వేడిని నిలుపుకోవడానికి ఆహారాన్ని వేగంగా ఖర్చు చేస్తుంది. అందువల్ల చలి ఆకలిగా మారుతుంది. ఆకలి బలహీనతగా మారుతుంది. దుస్తులను వెంటనే పిండుకోవాలి. అగ్గిపెట్టె లేకపోయినా బెరడు, చిన్న పుల్లతో నిప్పు రాజేసే సాధనం తయారవుతుంది. మంట దగ్గర కొంతసేపు కూర్చుంటే దుస్తులు ఆరుతాయి, మాంసం ఉడుకుతుంది, శరీరం వేడిని నిల్వ చేసుకుంటుంది. అయితే పొగ పగలు, వెలుగు రాత్రి చాలా దూరం కనిపిస్తాయి. పొయ్యి ఉన్న ఇంటిలోపల, తలుపులు మూసుకుని మంట వేయడం కొంత మేలు.

చేతుల మురికి, రక్తం లెక్క

ఈ ఆటలో పరిశుభ్రత కూడా ఆయుధమే. జంతువును కోసిన తరువాత చేతులకు రక్తం అంటుకుంటుంది. ఆ చేతులతో తింటే సాల్మొనెల్లా సోకవచ్చు. పంపు దగ్గర చేతులు కడుక్కోవడం, లేదా కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకుని తినేముందు తీసివేయడం దీనికి విరుగుడు. పచ్చి మాంసం ఎన్నడూ తినరాదు. సాల్మొనెల్లాకు బొగ్గు మాత్రలు, కలరాకు టెట్రాసైక్లిన్ పనిచేస్తాయి.

పాత్ర శరీరంలో రక్తం పూర్తిగా ఉన్నప్పుడు దాని విలువ 5,000. అది 2,500 కన్నా తగ్గితే మరణమే. రక్తం తగ్గేకొద్దీ తెరపై రంగులు వెలిసిపోతాయి. గాయాలు ఒకటికి మించితే ఒక్కొక్క దానికీ కట్టు వేయాలి. శుద్ధి చేయని గుడ్డ కడితే గాయానికి చీము పట్టవచ్చు. ఇతరుల రక్తం ఎక్కించుకునేటప్పుడు రక్తవర్గం సరిపోవాలి. సరిపోకపోతే ఆ రక్తమే ప్రాణం తీస్తుంది. ఇవన్నీ వాస్తవ వైద్యాన్ని పోలి ఉన్నా, ఆటలోని మందుల వాడకం నిజ జీవితానికి మార్గదర్శకం కాదు.

శబ్దం చేసే హాని

ఊళ్లలో తిరిగే వ్యాధిగ్రస్తులు, అంటే జాంబీలు, చూపుతోనూ శబ్దంతోనూ మనిషిని పసిగడతారు. వంగి నెమ్మదిగా నడిస్తే చాలామందిని తప్పించుకోవచ్చు. తప్పనప్పుడు ఇంట్లోకి వెళ్లి తలుపు మూయాలి. తలుపు తెరవడం వారికి రాదు. తుపాకీ పేల్చడం చివరి మార్గం కావాలి. ఒక్క కాల్పు చుట్టుపక్కల వ్యాధిగ్రస్తులందరినీ రప్పిస్తుంది. అంతకన్నా ప్రమాదకరంగా, దూరాన ఉన్న ఇతర ఆటగాళ్లకు చిరునామా చెబుతుంది.

అసలు ప్రశ్న: ఎదుటి మనిషి

ఒక సర్వర్‌లో సాధారణంగా 60 మంది వరకు ఆడతారు. ఎవరు మిత్రుడో, ఎవరు శత్రువో చెప్పే గుర్తేదీ ఉండదు. కనిపించిన వారినల్లా కాల్చడం సురక్షితమని చాలామంది భావిస్తారు. కాని స్పృహ తప్పిన వ్యక్తి తనకు తాను కట్టు కట్టుకోలేడు, పక్కనున్నవాడే కట్టాలి. ఒంటరివాడికి చిన్న గాయం కూడా ప్రాణాంతకం కావచ్చు.

అందుకే నమ్మకాన్ని కూడా జాగ్రత్తగా ఖర్చు చేయాలి. కనబడకముందే వినబడడం మంచిది: చెట్టు చాటునో గోడ చాటునో ఉండి పలకరించాలి, ఆయుధం దించి ఉంచాలి, ఒకే ద్వారమున్న గదిలోకి కొత్తవారితో వెళ్లరాదు. సంచిలో ఏముందో మొత్తం చెప్పనవసరం లేదు. తెరిచి ఉన్న తలుపులు, ఉద్రేకంతో పరుగెడుతున్న వ్యాధిగ్రస్తులు సమీపంలో మరొకరు ఉన్నారన్న సూచనలు.

ఐరోపా రేటింగ్ సంస్థ పెగీ ఈ ఆటను 18 ఏళ్లు నిండినవారికే సూచించింది. సమీపంలోని అపరిచితుల మాటలు నేరుగా వినిపించే ఆట కనుక తల్లిదండ్రులు ఆ పరిమితిని తేలికగా తీసుకోరాదు. ఆడేవారు గుర్తుంచుకోవలసింది మరొకటి: దొరికిన ప్రతి వస్తువూ ఏదో ఒక రోజు పోయేదే. దానిని కాపాడుకోవాలన్న ఆత్రంతో చేసే సాహసమే తరచుగా మరణానికి కారణమవుతుంది. కడుపు నిండి, దుస్తులు పొడిగా ఉండి, వెనుదిరిగే దారి తెరిచి ఉన్నప్పుడు పోరాటం నుంచి తప్పుకోవడం ఈ ఆటలో పిరికితనం కాదు, నేర్పు.