పాదమునకు తగిన బూటు

మనిషి పాదమునందు 26 ఎముకలు కలవు. నడచునప్పుడు వ్రేళ్ళు విచ్చుకొని నేలను పట్టుకొనును. మొన సన్నని బూటు ఆ వ్రేళ్ళను నొక్కివేయును. ఎత్తుమడమ శరీరభారమును ముందుకు నెట్టును. ఈ రెండు దోషములును లేకుండ చేసినవే బేర్‌ఫుట్ బూట్లు. వీనికి ముందుభాగము వెడల్పు, అడుగు పలుచన. మడమయు మునివ్రేళ్ళును ఒకే ఎత్తున నుండును.

కొండదారులకుగాని, పొలముపనికిగాని వీనిని కొనదలచినచో సాయంకాలము కొనుట మేలు. పగలెల్ల తిరిగిన పాదము కొంత ఉబ్బియుండును. కాగితముపై నిలిచి, పాదము చుట్టును గీత గీసి, బూటు లోపలి అట్టను తీసి దానిపై నుంచి చూడవలెను. గీత అట్టను దాటినచో ఆ బూటు మనది కాదు. పొడవైన వ్రేలికి ముందు సుమారు 1 సెంటీమీటరు ఖాళీ యుండవలెను. తడినేలపై జారకుండ అడుగున లోతైన గాళ్ళు కావలెను.

మేము ముఖ్యముగా మనవి చేయునదేమనగా, కొన్ననాడే కొండ యెక్కరాదు. మందపు అడుగునకు అలవడిన ఎముకలును, పిక్కలును క్రొత్త భారమునకు మెల్లమెల్లగా గాని సిద్ధపడవు. తొందరపడినచో పాదపుటెముక చిట్లవచ్చును. మొదట కొద్దిసేపే నడచి, వారమువారమును పెంచుకొనవలెను. మధుమేహముచే పాదమున స్పర్శ తగ్గినవారు వైద్యుని అడుగక వీనిని తొడుగరాదు. బరువులు పడుచోట, మేకులున్నచోట ఇనుపరక్షణ గల బూట్లే శరణ్యము. పలుచని అడుగు నేలను తెలియజేయును గాని మేకును ఆపదు.