రేవులో ఎగిరే నంబరు ఏం చెబుతుంది?

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే చాలు, టీవీ తెర అడుగున ఒక వాక్యం పరుగులు పెడుతుంది: ‘పోర్టుల్లో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక’. చిత్రమేమిటంటే, ఒకటో నంబరు అసలు పేరులో ప్రమాదం అన్న మాటే లేదు. అది దూరపు సూచన. ఎక్కడో నడిసంద్రంలో వాయుగుండం ఉంది, రేవు విడిచి వెళ్లే ఓడలు చూసుకుని వెళ్లాలని చెప్పడం వరకే దాని పని. అక్కడే అది తుపానుగా మారితే రెండో నంబరు. మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. రేవుకే గాలుల బెడద ఉందని అర్థం. ప్రమాదం అనే మాట ఐదో నంబరుతో మొదలై, ఎనిమిదితో పెను ప్రమాదం అవుతుంది.

మొదటి మెట్టుకే ఆ మాట వాడేస్తే ఏడో నంబరు వచ్చిన రోజున ఏమనాలి?

నంబరు పెరిగేకొద్దీ గాలి జోరు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఐదు, ఆరు, ఏడు ఒకే స్థాయి ప్రమాదాలు. తేడా అంతా తుపాను దారిలోనే. దాని దారికి ఎడమపక్కన రేవు ఉంటే ఐదు, కుడిపక్కన ఉంటే ఆరు, రేవు మీదుగా గానీ ఆ దగ్గర్లో గానీ వస్తే ఏడు. తీవ్ర తుపానుకు ఎనిమిది, తొమ్మిది, పదీ ఇదే వరసలో ఉంటాయి.

పక్కకు అంత పట్టింపు ఎందుకు? మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. అందువల్ల తూర్పుతీరాన తుపాను ఒడ్డు దాటేటప్పుడు, దాని దారికి కుడివైపు గాలి సముద్రాన్ని ఊళ్ల మీదికి నెడుతుంది. ఎడమవైపు నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన మింగింది మాత్రం కుడివైపున్న దివిసీమను. వేలమంది పోయారు.

ఈ ఏర్పాటుకు మూలం 1864. ఆ అక్టోబరులో కలకత్తాను, నవంబరు మొదట్లో మచిలీపట్నాన్ని తుపాన్లు ముంచేశాయి. మరుసటేడు కలకత్తా రేవులో హెచ్చరికలు మొదలయ్యాయి. 1898లో దేశంలోని రేవులన్నిటికీ ఒకే పద్ధతి వచ్చింది. పగలు స్తంభానికి శంకువులు, గొట్టం ఆకారాలు కడతారు; రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు వేలాడదీస్తారు. అంకె చదవనక్కర్లేదు, ఆకారం చూస్తే నావికుడికి తెలిసిపోతుంది.

పదకొండో నంబరు కూడా ఉంది. అది పదిని మించిన గాలి కాదు. తుపాను హెచ్చరికల కేంద్రంతో రేవుకు సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం చెడే అవకాశం ఉందని స్థానిక అధికారి భావించినప్పుడు ఎగరేసేది.

ఇదంతా ఓడల వాళ్ల భాష. ఊళ్లో ఉన్నవాళ్లు రేవు నంబరు పట్టుకుని కంగారు పడనూ అక్కర్లేదు, నిశ్చింతగా కూర్చోనూ కూడదు. వాళ్ల కోసం వాతావరణ శాఖ జిల్లాల వారీగా రంగులు ప్రకటిస్తుంది: పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే కదలమని.