వృద్ధుల శక్తి పరీక్ష

అరువది దాటినవారు మెట్లు దిగుచు తూలినను, పిలిచిన పలుకకున్నను, కంచములో అన్నము సగము విడిచినను ఇంటిలోనివారు అను మాట యొక్కటియే: "వయసు మీదపడినది, ఇక నింతే." ఆ మాట పలుమారు నిజము కాదు. తూలుటకు ఒక కారణముండును, వినరాకుండుటకు ఒకటి, తిండి తగ్గుటకు ఇంకొకటి. వీనిలో చికిత్స గలవి పెక్కు. నెపము వయసుపై మోపి ఊరకుండుటచే కుదురవలసినది కుదురక పోవుచున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015లో వార్ధక్యమును గూర్చి ప్రకటించిన నివేదికలో, ఎన్ని రోగములున్నవను లెక్కకంటె మనిషిలో ఎంత శక్తి మిగిలియున్నదను విచారణయే ముఖ్యమనిరి. 2019లో గ్రామ ఆరోగ్య కార్యకర్తలు సయితము చేయదగిన చిన్న పరీక్షలను ఒక పుస్తకముగా వెలువరించిరి. జ్ఞాపకము, కదలిక, పోషణ, చూపు, వినికిడి, మనస్సు, ఈ ఆరింటిని అందు విచారింతురు.

జ్ఞాపకమునకు "పువ్వు, తలుపు, బియ్యము" వంటి మూడు మాటలు చెప్పి, నడుమ నేటి తేదీ యేది, మీరిప్పుడు ఉన్నచోటేది యని అడిగి, పిదప ఆ మూడు మాటలను మరల చెప్పుమందురు. ఇచట నాదొక మనవి. మన పెద్దలలో ఇంగ్లీషు తేదీ తెలియకున్నను తిథివారములు తప్పక చెప్పువారు పలువురు గలరు. కార్తీక బహుళమని చెప్పగలవానిని మరపుగలవానిగా వ్రాసికొనరాదు. అటులనే, కారెంపూడి యుద్ధకథను మొదలంట చెప్పగల తాతగారు ఇప్పుడు విన్న మూడు మాటలను మరచుట యుండును. పాత జ్ఞాపకము నిలిచి క్రొత్తది జారుటయే ఈ జబ్బుల తొలి గురుతు. కనుక కథ బాగుగా చెప్పుచున్నాడని ధైర్యపడరాదు.

కదలికకు, చేతులు రొమ్ముపై కట్టుకొని, కుర్చీనుండి అయిదుమారులు లేచి కూర్చుండవలెను. ఇది 14 సెకండ్లలో ముగియవలెను. కుర్చీని గోడకానించి ప్రక్కన నొకరు నిలువవలెను. వంగిపోవు నులకమంచముపై చేసిన పరీక్ష చెల్లదు. ఇందు తప్పినవారిలో మోకాళ్ల అరుగుదల, బలహీనత సామాన్యము. కాని మన సీమకు మరియొక అనుమానము చేరును. నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు బిగిసిపోవు వ్యాధిని మన దేశమున మొదట 1937లో పొరుగునున్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలోనే వైద్యులు ప్రకటించిరి. పల్నాటి మెట్ట గ్రామములలోను కొన్నిచోట్ల బోరునీటియందు ఫ్లోరైడు హెచ్చు. నడుము వంగనివారు తాము త్రాగు నీటి సంగతి కూడ వైద్యునికి చెప్పవలెను.

మూడునెలలలో కోరకయే మూడు కిలోలకు మించి బరువు తగ్గుట, ఆకలి చచ్చుట పోషణలోపమునకు సూచనలు. మిరపకాయల టిక్కీలను కాటాపై పెట్టి ఇంత తరుగు రానీయము గదా, ఇంటిలోని అవ్వ బరువును ఎన్నడైన తూచితిమా? గాజులు మోచేతివరకు జారుచున్నవన్న లెక్క అడుగవలసినదే.

చూపునకు అక్షరముల పటమున్నది. హైదరాబాదు ప్రాంతపు వృద్ధాశ్రమములలో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు పరీక్షింపగా పదిమందిలో సుమారు మువ్వురికి చూపు మందగించియుండెను. ప్రధాన కారణములు శుక్లములు, తగిన కంటి అద్దములు లేకుండుట. రెండును కుదుర్పదగినవే. వినికిడికి, వెనుక ప్రక్కగా చేయిచాపు దూరమున నిలిచి, రెండవ చెవిని మూయించి, నాలుగు మాటలను గుసగుసగా పలికి తిరిగి చెప్పుమందురు. చెవి వినరానివాడు ప్రశ్నకు పొంతనలేని జవాబిచ్చిన, మతి పోయినదని ఊరంతయు చాటుదురు. అంతకంటె అన్యాయము వేరులేదు. మనస్సును గూర్చి, గడచిన రెండు వారములలో దిగులుగా నుండెనా, దేనియందును ఆసక్తి లేకుండెనా యని అడుగుదురు.

పెద్దలు ఈ పరీక్షకు జంకుటకు ఒక కారణము నేనెరుగుదును. జ్ఞాపకము తప్పినదని వ్రాసినచో కొడుకులు పొలము వ్రాయించుకొందురేమో యను భయము. ఈ పరీక్ష రోగనిర్ణయమైన కాదు. పూర్తి పరీక్ష అవసరమా యని తెలుపునది మాత్రమే. మూడు మాటలు మరచుటచేత ఎవ్వరును తమ ఆస్తిపై అధికారమును కోల్పోరు.

మన దేశమున 2010 నుండి వృద్ధుల ఆరోగ్యమునకై జాతీయ కార్యక్రమము గలదు. ఆశా కార్యకర్త తెచ్చు ప్రశ్నపత్రములో అరువదియేండ్లవారికి ప్రత్యేక ప్రశ్నలున్నవి: నడచునపుడు తూలుచున్నారా, నిత్యకృత్యములకు పరుల సాయము కావలెనా, దగ్గరివారి పేర్లు మరచుచున్నారా యని. కోడలు వాకిటనే నిలిచి "మామగారు బాగానే ఉన్నారమ్మా" అని ఆమెను పంపివేయుట కలదు. జవాబు మామగారే చెప్పవలెను.

లోపము కనబడిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, వారు పంపినచో నరసరావుపేట ప్రభుత్వాసుపత్రికిని పోవలెను. పోవునపుడు వాడుచున్న మందులన్నిటిని, అంగడిలో అడిగి కొన్న నిద్రమాత్రలతోసహా, ఒక సంచిలో వేసికొని పోవుడు. కొందరి తూలుటకు కారణము ఆ సంచిలోనే దొరకును.