చిన్న తెరచాప పడవలో మంచినీళ్ల బాటిల్ హోల్డర్: ఎంపిక, అమరిక

8.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ఒరిగిన పడవలో బాటిల్ ఎందుకు పడిపోతుందో గరిమనాభి ఆధారంగా వివరించగలుగుతారు.
• వివిధ రకాల హోల్డర్లను పోల్చి, పడవకు తగినదాన్ని ఎంపిక చేయగలుగుతారు.
• హోల్డర్‌ను ఎక్కడ, ఎలా బిగించాలో, ఎక్కడ బిగించరాదో చెప్పగలుగుతారు.

8.1 ఉపోద్ఘాతం

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి హైదరాబాద్‌కు బస్సులో వచ్చేవారికి ఒక దృశ్యం పరిచయమే. మలుపులో ఎవరిదో నీళ్ల బాటిల్ సీటు మీది నుంచి జారి, దొర్లుకుంటూ డ్రైవరు దాకా పోతుంది. అది బ్రేకు పెడల్ కిందికి చేరితే ప్రమాదం. చిన్న తెరచాప పడవలోనూ సమస్య ఇదే. అయితే బస్సు మలుపులో కొద్దిగానే ఒరుగుతుంది. పడవ గాలి వీచినంతసేపూ ఒరిగే ఉంటుంది, కొన్నిసార్లు పూర్తిగా తిరగబడుతుంది.

మన ప్రాంతంలో తెరచాప పడవలకు కేంద్రం హుస్సేన్‌సాగర్. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దంలో తవ్వించిన చెరువు ఇది. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఇక్కడ శిక్షణ, పోటీలు నిర్వహిస్తున్నాయి. నైరుతి రుతుపవనాల గాలి బలంగా ఉండే నెలల్లో పోటీలు ఎక్కువ. పిల్లలు ఆప్టిమిస్ట్ అనే పడవను నడుపుతారు. దాని పొడవు సుమారు 2.3 మీటర్లు, హల్ బరువు 35 కిలోలు. పెద్దలు నడిపే లేజర్ పొడవు సుమారు 4.2 మీటర్లు.

నీళ్ల మీద ఉన్నా ఎండ తగ్గదు. పైనుంచి ఎండ, కింద నీటి మెరుపు రెండూ తగులుతాయి. గాలికి చెమట వెంటనే ఆరిపోవడంతో శరీరం నీటిని కోల్పోతున్న సంగతి తెలియదు. శరీర బరువులో 2 శాతం నీరు తగ్గినా ఏకాగ్రత, పనితీరు మందగించవచ్చు. చుట్టూ చెరువే ఉన్నా ఆ నీరు తాగడానికి పనికిరాదు. అందువల్ల చేతికి అందే చోట మంచినీళ్లు ఉండటం భద్రతకు సంబంధించిన విషయం.

8.2 బాటిల్ ఎందుకు పడిపోతుంది?

ఏ వస్తువైనా దాని గరిమనాభి నుంచి గీసిన నిలువు గీత అడుగుభాగం లోపల పడినంతవరకే నిలబడుతుంది. గీత అడుగు అంచును దాటగానే వస్తువు పడిపోతుంది. పడిపోయే కోణాన్ని ఇలా లెక్కించవచ్చు:

టాన్ θ = అడుగు వ్యాసార్ధం ÷ గరిమనాభి ఎత్తు

ఉదాహరణ: 8 సెం.మీ. వ్యాసం, 26 సెం.మీ. ఎత్తు ఉన్న నిండు బాటిల్‌ను తీసుకుందాం. గరిమనాభి దాదాపు సగం ఎత్తులో, అంటే 13 సెం.మీ. వద్ద ఉంటుంది. 4 ÷ 13 = 0.31. కోణం సుమారు 17 డిగ్రీలు. అదే బాటిల్‌లో నీరు సగమే ఉంటే గరిమనాభి 6.5 సెం.మీ. వద్దకు దిగి, కోణం సుమారు 32 డిగ్రీలకు పెరుగుతుంది. కానీ నీరు కూడా ఒరిగిన వైపుకే జరుగుతుంది, పడవ కుదుపులు తోడవుతాయి. కాబట్టి వాస్తవంలో బాటిల్ ఇంకా ముందే పడిపోతుంది.

గాలి విసురుకు చిన్న పడవ 20 డిగ్రీలు ఒరగడం సాధారణం. అంటే నిండు బాటిల్‌ను ఊరికే నిలబెట్టి ఉంచడం కుదరదు.

దీని నుంచి ఒక నియమం వస్తుంది. హోల్డర్ పై అంచు బాటిల్ గరిమనాభి కంటే ఎత్తులో ఉండాలి. 26 సెం.మీ. బాటిల్‌కు 13 సెం.మీ. కంటే లోతైన హోల్డర్ కావాలి. కారులో వాడే లోతు తక్కువ కప్పు హోల్డర్ పడవలో విఫలం కావడానికి కారణం ఇదే.

8.3 హోల్డర్ల రకాలు

8.3.1 గట్టి కప్పు: ప్లాస్టిక్ లేదా స్టీలుతో చేసి పడవకు బిగించేది. అడుగున నీరు పోయే రంధ్రం ఉండాలి. ఒరుగుడు తక్కువగా ఉండే వెడల్పాటి పడవలకు సరిపోతుంది. చిన్న పడవలో మోకాళ్లకు తగులుతుంది, తాళ్లు చిక్కుకుంటాయి.

8.3.2 ఊగే హోల్డర్: ఇది మన ఇళ్లలోని ఉట్టి సూత్రమే. ఉట్టిని ఎటు ఊపినా కుండ నిటారుగానే ఉంటుంది, ఎందుకంటే వేలాడే బిందువు గరిమనాభికి పైన ఉంటుంది. ఓడ దిక్సూచిని కూడా ఇలాగే అమరుస్తారు. క్యాబిన్ ఉన్న పెద్ద పడవలో మూత లేని గ్లాసుకు ఇది ఉపయోగం. చిన్న పడవ కుదుపులకు ఇది అదుపు లేకుండా ఊగి కొట్టుకుంటుంది.

8.3.3 గుడ్డ లేదా వల సంచి: మెత్తగా ఉంటుంది, దెబ్బ తగలదు, నీరు నిలవదు. మూతిని బిగించే పట్టీ ఉంటే పడవ తిరగబడినా బాటిల్ జారిపోదు.

8.3.4 సాగే తాడు, కొక్కెం: బాటిల్ నడుమును సాగే తాడుతో పట్టి, మెడకు పొట్టి తాడు కట్టి కొక్కెంతో తగిలించడం. ఖర్చు చాలా తక్కువ.

పడవ తిరగబడినప్పుడు మొదటి రెండూ బాటిల్‌ను వదిలేస్తాయి. ఒంటిపొర స్టీలు బాటిల్ నిండుగా ఉంటే మునిగిపోతుంది. అందువల్ల ఆప్టిమిస్ట్, లేజర్ వంటి పడవలకు చివరి రెండు రకాలే తగినవి. ఆప్టిమిస్ట్ పోటీల్లో నీరు తోడే డబ్బాను పడవకు కట్టి ఉంచాలన్న నియమం కూడా ఈ ఆలోచన నుంచే వచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
20 సెం.మీ. ఎత్తు, 10 సెం.మీ. వ్యాసం గల నిండు బాటిల్ ఎన్ని డిగ్రీల వద్ద పడిపోతుంది? దానికి హోల్డర్ కనీస లోతు ఎంత?
(జవాబు: టాన్ θ = 5 ÷ 10 = 0.5; సుమారు 27 డిగ్రీలు. లోతు 10 సెం.మీ. కంటే ఎక్కువ.)

8.4 ఎక్కడ అమర్చాలి?

నీళ్ల బరువుతో పడవ ఒరుగుతుందేమోనని చాలామంది భయపడతారు. లెక్క చూద్దాం. రెండు లీటర్ల నీరు, అంటే 2 కిలోలు, మధ్యగీతకు 50 సెం.మీ. పక్కన ఉంటే భ్రామకం 2 × 50 = 100. 40 కిలోల పిల్లవాడు 2.5 సెం.మీ. పక్కకు జరిగితే 40 × 2.5 = 100. అంటే ఆ ప్రభావాన్ని కూర్చున్న చోటే కొద్దిగా జరిగి సరిచేయవచ్చు. అసలు ప్రమాదం బరువు కాదు, అడ్డం. కాబట్టి కింది విషయాలను గమనించాలి:

1. తెరచాపను లాగే తాడు, చుక్కాని పిడి, కాళ్లు తగిలించే పట్టీ కదిలే దారిలో హోల్డర్ ఉండరాదు.
2. చుక్కానిని వదలకుండా ఒక చేత్తో అందాలి. బాటిల్ కోసం వంగిన క్షణంలోనే గాలి విసురు రావచ్చు.
3. ముందు కొనలో, వెనుక కొనలో కాక పడవ నడిమి భాగంలో ఉండాలి.
4. బాటిల్ తాడు మూరెడు కంటే పొట్టిగా ఉండాలి. పొడవైన తాడు, పడవ తిరగబడినప్పుడు మెడకో కాలికో చుట్టుకోవచ్చు. తాగేటప్పుడు ఒక చేత్తో కొక్కెం విప్పుకోవాలి.

8.5 ఎలా బిగించాలి?

ముందుగా కొత్త రంధ్రం అవసరమా అని ఆలోచించాలి. లేజర్ హల్ లోపల బోలుగా ఉంటుంది. తేలే శక్తికి ఆ గాలే ఆధారం. రంధ్రం సరిగా మూయకపోతే నీరు లోపలికి చేరి పడవ బరువెక్కుతుంది. ఇప్పటికే ఉన్న కొక్కేనికో, పట్టీకో, కొయ్య మొదలుకో కట్టగలిగితే అదే ఉత్తమం.

జిగురు పట్టీ వాడితే ఉపరితలాన్ని గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే అతికించాలి. గాలి పీడనంతో అంటుకునే రబ్బరు కప్పులు ఎండకు వదులవుతాయి. వాటిని నమ్మరాదు.

రంధ్రం తప్పనిసరి అయితే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు వాడి, లోపలి వైపు వెడల్పాటి వాషర్ వేసి, పడవలకు వాడే సీలెంట్‌తో మూసివేయాలి. పోటీ పడవైతే ముందుగా ఆ తరగతి నియమాలను క్లబ్ అధికారులను అడిగి తెలుసుకోవాలి.

చివరగా బాటిల్ మూతి. హుస్సేన్‌సాగర్‌లో చాలా కాలం మురుగు నీరు కలిసింది. తుంపర పడిన మూతితో తాగితే ఆ నీరు నోట్లోకి పోతుంది. కాబట్టి మూతిని పూర్తిగా కప్పే మూత ఉన్న బాటిల్‌నే ఎంచుకోవాలి. గాజు సీసాలు పడవలోకి తీసుకెళ్లరాదు.

8.6 సారాంశం

నిండు బాటిల్ సుమారు 17 డిగ్రీల ఒరుగుడుకే పడిపోతుంది. హోల్డర్ అంచు గరిమనాభికి పైన ఉండాలి. తిరగబడే చిన్న పడవకు పట్టీ ఉన్న సంచి లేదా సాగే తాడు తగినవి. అమరికలో బరువు కంటే అడ్డు లేకపోవడం ముఖ్యం. కొత్త రంధ్రం చివరి మార్గం. బిగించిన తరువాత ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీటిలో పడవను ఒకసారి తిరగేసి చూడండి. బాటిల్ నిలిచి, మీ కాళ్లకు ఏదీ చుట్టుకోకపోతే అమరిక సరైనదే.

8.7 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. గరిమనాభి సూత్రం ఆధారంగా బాటిల్ హోల్డర్ లోతును నిర్ణయించే విధానాన్ని వివరించండి.
2. నాలుగు రకాల హోల్డర్లను పోల్చి, ఆప్టిమిస్ట్ పడవకు తగినదాన్ని కారణాలతో సూచించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. ఉట్టికీ ఊగే హోల్డర్‌కూ ఉన్న పోలిక ఏమిటి?
2. బోలు హల్‌కు రంధ్రం వేయడంలో ఉన్న ప్రమాదం ఏమిటి?